మంట ఆరితే గ్యాస్ ఆగాలి: హీటర్లలో జ్వాలా రక్షణ ఇలా

అస్సాంలోని డిబ్రూగఢ్, తిన్‌సుకియా ప్రాంతాల్లోని అనేక తేయాకు కర్మాగారాల్లో ఆకును ఆరబెట్టేందుకు సహజ వాయువుతో వేడిచేసిన గాలిని వాడతారు. దాదాపు 100 డిగ్రీల సెల్సియస్, అంతకు పైబడిన వేడిగాలి సోకగా ఆకులోని తేమ సుమారు 3 శాతానికి తగ్గి, తేయాకు నిల్వకు అనువుగా మారుతుంది. ఆ గాలిని వేడిచేసే హీటర్‌లో మంట సక్రమంగా వెలుగుతున్నంతసేపు ప్రమాదం తక్కువే. మంట ఆరిపోయి, గ్యాస్ మాత్రం వెలువడుతూ ఉంటేనే అసలు ముప్పు.

సహజ వాయువులో ప్రధానాంశం మీథేన్. గాలిలో ఇది 5 నుంచి 15 శాతం మేర కలిసినప్పుడు మండే మిశ్రమం ఏర్పడుతుంది. మూసిన దహన గదిలో అటువంటి మిశ్రమానికి ఒక్క నిప్పురవ్వ తగిలినా పేలుడు సంభవిస్తుంది. దానిని నివారించేందుకే జ్వాలా రక్షణ వ్యవస్థను అమరుస్తారు. మంట ఉన్నట్లు రుజువైతేనే గ్యాస్‌ను అనుమతించడం దీని మూలసూత్రం.

హీటర్‌ను ప్రారంభించగానే మంట వెలగదు. ముందుగా ఫ్యాన్ తిరిగి, లోపల మిగిలిన గ్యాస్‌ను బయటకు నెట్టివేస్తుంది. గాలి తగినంతగా వీస్తున్నదని పీడన స్విచ్ నిర్ధారించిన తరువాతే నిప్పురవ్వ పుడుతుంది, గ్యాస్ వాల్వ్ తెరుచుకుంటుంది. కొద్ది సెకన్ల గడువులో మంట కనిపించకపోతే వాల్వ్ మూతపడుతుంది.

మంటను గుర్తించేందుకు అనేక హీటర్లలో ఒక లోహపు కడ్డీని జ్వాలలో ఉంచుతారు. జ్వాలలో విద్యుదావేశం గల కణాలు ఉంటాయి కనుక దాని గుండా స్వల్పంగా విద్యుత్తు ప్రవహిస్తుంది. కడ్డీకి ఏసీ విద్యుత్తును అందిస్తారు. కడ్డీకన్నా బర్నర్ ఉపరితలం పెద్దది కావడంతో, మంట గుండా ప్రవాహం ప్రధానంగా ఒకే దిశలో సాగుతుంది. కొన్ని మైక్రో యాంపియర్ల ఈ ఏకదిశా ప్రవాహమే మంటకు సాక్ష్యం. తీగ తెగి బర్నర్‌ను తాకినా, కడ్డీపై తేమ చేరినా విద్యుత్తు రెండు దిశల్లోనూ సమానంగా పారుతుంది. ఆ సంకేతాన్ని నియంత్రణ పరికరం మంటగా అంగీకరించదు.

మంట ఆరిన వెంటనే ఈ సంకేతం ఆగిపోతుంది. కొద్ది సెకన్లలోపే వాల్వ్‌కు విద్యుత్ సరఫరా నిలిచి, స్ప్రింగ్ బలంతో అది మూసుకుంటుంది. కరెంటు పోయినా వాల్వ్ మూతపడేలా దీనిని రూపొందించారు. పెద్ద బర్నర్లలో ఒకటి విఫలమైనా రెండోది గ్యాస్‌ను ఆపేలా ఒకే గొట్టంపై వరుసగా రెండు వాల్వ్‌లను అమరుస్తారు.

చిన్న హీటర్లలో థర్మోకపుల్‌ను వాడతారు. మంట వేడికి అందులో పుట్టే కొద్దిపాటి మిల్లీవోల్టుల విద్యుత్తే వాల్వ్‌ను తెరిచి ఉంచుతుంది. అయితే అది చల్లబడి వాల్వ్ మూతపడేందుకు కొన్ని పదుల సెకన్లు పట్టవచ్చు. అందుకే పెద్ద బర్నర్లకు ఇది తగదు.

మంట నిలవనప్పుడు యంత్రం పూర్తిగా ఆగిపోతుంది. మనిషి వచ్చి రీసెట్ బటన్ నొక్కితే తప్ప అది తిరిగి పనిచేయదు. కారణం తెలుసుకోకుండా పదేపదే ఆ బటన్ నొక్కడం, పని ఆగకూడదన్న ఆతృతతో పీడన స్విచ్‌ను తీగతో కలిపివేయడం, వాల్వ్‌కు నేరుగా కరెంటు ఇవ్వడం ప్రాణాంతకం. తరచూ ఆగే హీటర్‌లో కడ్డీకి పట్టిన మసి, పగిలిన పింగాణీ, వదులైన ఎర్త్ తీగ వంటి లోపాలను ముందుగా పరిశీలించాలి. యంత్రం ఆగిపోవడం ఇక్కడ అవాంతరం కాదు, హెచ్చరిక.