పాత మైక్రోస్కోపు అడుగున అద్దం ఎందుకు?

మూతపడ్డ ఆసుపత్రి బీరువాలో ఇత్తడి గొట్టం, దాని అడుగున అటూ ఇటూ తిరిగే గుండ్రటి అద్దం కనిపిస్తే అది మైక్రోస్కోపే. కరెంటు లేని రోజుల్లో కిటికీ వెలుతురును పైకి మళ్లించేది ఆ అద్దమే.

అరకు, పాడేరు కొండలను పీడించిన మలేరియాను పట్టిచ్చేది ఈ పరికరమే. ఎలా? వేలి కొసన గుచ్చి, రక్తపు చుక్కను గాజు పలక మీద పలచగా పూసి, ఆరాక రంగు వేస్తారు. ఎర్ర రక్తకణంలో నక్కిన పరాన్నజీవి నీలి ఉంగరంలా, అంచున ఎర్ర చుక్కతో బయటపడుతుంది. పలక మీద ఒక బొట్టు నూనె కూడా వేస్తారు! గాజులోంచి గాలిలోకి వచ్చేటప్పుడు కాంతి వంగి పక్కకు పోతుంది. నూనెలో అలా వంగదు. అందుకే వెయ్యి రెట్లు పెద్దది చేసినా బొమ్మ స్పష్టంగా ఉంటుంది.

1897 ఆగస్టు 20న బేగంపేటలో బ్రిటిష్ వైద్యుడు రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశారు. ఆయన చెమటకు మైక్రోస్కోపు మరలు తుప్పు పట్టాయి; దాని మీద కన్ను ఆనించి చూసే కటకం కూడా పగిలి ఉంది. కోసిన దోమలు పంకా గాలికి ఎగిరిపోతాయని ఉక్కలోనే కూర్చున్నారు. 1902లో వచ్చిన నోబెల్ కన్నా ఆ ఓపికే నాకు గొప్పగా తోస్తుంది.

ఇప్పుడు ఊళ్లోనే ఆశా కార్యకర్తలు కిట్టుతో నిమిషాల్లో పరీక్ష చేస్తున్నారు. అయినా రక్తంలో ఎన్ని పరాన్నజీవులున్నాయో లెక్కపెట్టాలంటే గాజు పలక, మైక్రోస్కోపు కావలసిందే.