తెగిన వ్రేళ్లు, దిగిన శ్రుతి

విద్యుత్ గిటారులు ఘోషించు 'హెవీ మెటల్' సంగీతాభిమానులు కలిసినచోట వాదము తప్పదు. బ్లాక్ సబ్బత్ మేళమువారి తొలి రికార్డులే మేలని యొకరందురు. 1991లో వేగము తగ్గించి మెటాలికా మేళము చెడినదని యొకరు, బాగుపడినదని వేరొకరు వాదింతురు. మార్పు ద్రోహమా?

ఆ నాదము పుట్టుకను జూడుడు. బర్మింగ్‌హామ్ నగరమున టోనీ అయోమీ యను పదునేడేండ్ల బాలుడు రేకుల కర్మాగారమున పనిచేయుచుండెను. పని మానుకొను కడపటి దినమున, మధ్యాహ్నము తిరిగి పోనొల్లని కుమారుని, చేపట్టిన పని ముగించి రమ్మని తల్లి పంపెను. ఆ పూటనే యంత్రమున బడి కుడిచేతి రెండు వ్రేళ్ల కొనలు తెగిపోయెను. ఎడమచేతివాటపు వాడగుటచే తంత్రులను నొక్కునది ఆ చేయియే!

అతడు ప్లాస్టిక్ సీసాను కరగించి వ్రేళ్లకు తొడుగులు చేసికొనెను. సన్నని తంత్రులు గట్టెను. 1971 నాటి రికార్డులో శ్రుతిని దించెను. వదులైన తంత్రులు వ్రేళ్లకు సుకరమయ్యెను, నాదము మరింత గంభీరమయ్యెను.

2025 జూలై 5వ తేదీన ఆ మేళమువారు బర్మింగ్‌హాములోనే కడపటి కచేరి చేసిరి. నాడు మెటాలికావారును అదే వేదికపై వాయించి పెద్దలను గౌరవించిరి. గాయకుడు ఆజీ ఆస్‌బోర్న్ ఆ నెల 22న కన్నుమూసెను.

కావున అభిమానులు తమ కిష్టమైన రికార్డునే మెచ్చుకొందురుగాక. మార్పును మాత్రము నిందింపరాదు. వారు వలచిన నాదమే మార్పువలన గలిగినది.