భోజనం బాగుంది సరే, బడికి ఏం ఒరిగింది?

ప్రిన్సిపాళ్ల సదస్సు ముగింపులో చేతికిచ్చే అభిప్రాయ పత్రంలో ప్రశ్నలు తెలిసినవే. వక్తలు ఎలా మాట్లాడారు, హాలు సౌకర్యంగా ఉందా, భోజనం ఎలా ఉంది? రైలు అందుకోవాలన్న తొందరలో అందరూ ‘చాలా బాగుంది’ దగ్గర టిక్కు పెట్టి లేస్తారు.

శిక్షణను నాలుగు మెట్లలో కొలవాలని అమెరికన్ ప్రొఫెసర్ డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ 1959లోనే రాశాడు: నచ్చిందా, నేర్చుకున్నారా, పని తీరు మారిందా, ఫలితం కనిపించిందా. మన పత్రాలు మొదటి మెట్టు దాటవు. 2020 జాతీయ విద్యా విధానం ప్రిన్సిపాళ్లకూ ఏటా 50 గంటల వృత్తి శిక్షణ ఉండాలంది. గంటలు లెక్కపెట్టడం తేలిక, మూడో మెట్టు కొలవడమే కష్టం.

ఖరగ్‌పూర్‌లోని నిమ్‌పురానే తీసుకోండి. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి తెలుగు కుటుంబాలు తరాలుగా స్థిరపడిన రైల్వే పట్టణం అది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇచ్చింది. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బెంగాలీ వినే పిల్లలకు ఏ భాషలో చదువు మొదలుపెట్టాలన్నది అక్కడి హెడ్మాస్టరుకు రోజూ ఎదురయ్యే ప్రశ్న. ‘నాయకత్వ లక్షణాల’ ప్రసంగానికి ఆయన అయిదు మార్కులు వేసినా, ఆ ప్రశ్నకు జవాబు దొరికిందో లేదో నిర్వాహకులకు తెలియదు.

అందుకే ‘మీ బడికి పనికిరానిది ఏది?’ అని అడగాలి. పేరు రాయమనకూడదు, పై అధికారులు ముందు వరుసలో కూర్చున్నప్పుడు సంతకం పెట్టి నిజం రాసేది ఎందరు? మూడు నెలలు ఆగి మళ్లీ అడిగితే, భోజనం సంగతి ఎవరికీ గుర్తుండదు. బడిలో ఏం మారిందో మాత్రం చెప్పగలరు.