పలక మీది లెక్క – ఖాతాలోని లెక్క

జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ ప్రాంతములు తెలుగు చలనచిత్ర పరిశ్రమకు నిలయములు. ఒకప్పుడు చిత్రీకరణ ముగియగానే నెగెటివ్ డబ్బాలు లాబొరేటరీకి పోయేవి. 35 మిల్లీమీటర్ల ఫిల్మ్ 1,000 అడుగుల చుట్ట నడిచేది సుమారు 11 నిమిషాలే. ఫిల్మ్ కడిగి, బొమ్మ పడినదని తెలిసేవరకు ఛాయాగ్రాహకునికి మనశ్శాంతి ఉండేది కాదు. నేడు ఆ చుట్ట స్థానమును కంప్యూటరు ఆక్రమించినది. ‘బాహుబలి’ (2015) వంటి చిత్రములలో అనేక దృశ్యములు కంప్యూటరులోనే రూపుదిద్దుకొన్నవి. అయితే “భద్రపరచితిని” అని యంత్రము చెప్పిన మాటను మనము ఎంతవరకు నమ్మవచ్చును? ఈ విషయమును విద్యార్థి లోకమునకు వివరింపదలచినాము.

వెడల్పున 4,096, ఎత్తున 2,160 బిందువులు గల ఒక్క బొమ్మకు, బిందువుకు 4 బైట్ల చొప్పున, సుమారు 35 మెగాబైట్ల చోటు కావలెను. సెకనుకు 24 బొమ్మలు గనుక ఆ ప్రవాహము సెకనుకు 850 మెగాబైట్లు. ఇంతటి వేగమునకే ఎస్.ఎస్.డి. అను నిల్వ పరికరములు వాడుకలోనికి వచ్చినవి. వీటిలో తిరిగే పళ్ళెములు లేవు. ఫ్లాష్ చిప్‌లు మాత్రమే ఉన్నవి.

ఫ్లాష్‌లో వ్రాయుట మనము అనుకొన్నంత సులభము కాదు. పేజీల లెక్కన వ్రాయవలెను. ఒకసారి వ్రాసినదానిపై మరల వ్రాయుటకు వీలులేదు. చెరుపవలెనన్న అనేక పేజీలు గల బ్లాకును మొత్తముగా చెరుపవలెను. అందుచేత చాల పరికరములలో ముందు భాగమున క్యాష్ అను చురుకైన చిన్న జ్ఞాపకశాలను అమర్చుదురు. దుకాణములో గుమాస్తా బేరములను మొదట పలక మీద గీసుకొని, తీరికగా ఖాతాలోనికి ఎక్కించునట్లే, పరికరము క్యాష్‌లో వేసుకొని వెంటనే “అందినది” అనును. కాని కరెంటు పోయిన పలక మీది వ్రాత తుడిచిపెట్టుకొని పోవును.

ఈ ప్రమాదమును నివారించుటకే ఎఫ్‌సింక్ అను ఆజ్ఞ ఉన్నది. “పలక మీదిది ఖాతాకెక్కించి చూపుము, అంతవరకు నేను కదలను” అని యజమాని పట్టుబట్టుటయే దాని అర్థము. ప్రతి 4 కిలోబైట్లకు ఒకసారి ఇట్లు పట్టుబట్టి, ప్రతిసారి ఒక మిల్లీసెకను ఆగినచో, సెకనుకు 1,000 వ్రాతలు, అనగా 4 మెగాబైట్లు మాత్రమే సాగును. సెకనుకు 500 మెగాబైట్లు వ్రాయగల పరికరము 125వ వంతుకు దిగజారును! పైగా చిన్న వ్రాతకు కూడ పెద్ద పేజీ ఖర్చగుటచే ఫ్లాష్ త్వరగా అరుగును.

సర్వర్లకై చేసిన కొన్ని పరికరములలో కెపాసిటర్లు ఉండును. కరెంటు పోయినను, క్యాష్‌లోనిది ఫ్లాష్‌కు చేర్చుటకు చాలినంత విద్యుత్తును అవి నిలిపి ఉంచును. కనుక అవి వెంటనే “భద్రము” అన్నను అది అబద్ధము కాదు. సాధారణ పరికరములలో ఈ ఏర్పాటు అరుదు.

అట్లయిన ఆ ఆజ్ఞనే మానివేయుదమా? వేగము పెరుగును, భద్రత పోవును. చేయవలసినది మానుట కాదు, సమయమెరిగి వాడుట. ఒక్కొక్క ముక్కకు గాక, షాటు మొత్తము వ్రాసిన పిమ్మట ఒకసారి సింక్ చేయవలెను. డేటాబేసులు కూడ అనేక లావాదేవీలను కలిపి ఒకే సింక్‌తో ముగించును. ఎడిటింగ్ ఫైలును మార్చునపుడు కొత్త ఫైలును పూర్తిగా వ్రాసి, సింక్ చేసి, ఆ తరువాతనే దానికి పాత పేరు పెట్టవలెను. కెమెరా కార్డును రెండు చోట్ల నకలు చేసి, సింక్ ముగిసి, నకళ్ళు సరిపోల్చనిదే చెరుపరాదు.

కంప్యూటరు గీసిన బొమ్మను మరల గీయించవచ్చును. వందలమందితో తీసిన దృశ్యము మరల రాదు. అది మన చేతిలోని అమానత్. దానికొరకు ఒక క్షణము ఆగుట ఆలస్యము కాదు, బాధ్యత.