గడువు తేదీ లేని చట్టాలు

ఆయుధాలు లేకుండా, శాంతియుతంగా సమావేశమయ్యే హక్కును భారత రాజ్యాంగం 19(1)(బి) అధికరణలో పౌరులకు ఇచ్చింది. అదే అధికరణలోని మూడో క్లాజు ఆ హక్కుకు పరిమితులు పెట్టే వీలును ప్రభుత్వానికి ఇచ్చింది. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడ గీయాలన్నదే భద్రతా చట్టాల చుట్టూ చట్టసభల్లో వందేళ్లకు పైగా నడుస్తున్న వాదన.

స్వాతంత్ర్యానికి ముందే అది మొదలైంది. 1919లో ఇంపీరియల్ లెజిస్లేటివ్ కౌన్సిల్ ముందుకు రౌలట్ బిల్లు వచ్చినప్పుడు ప్రభుత్వేతర భారతీయ సభ్యులు దాన్ని వ్యతిరేకించారు. అధికారుల సంఖ్యాబలంతో బిల్లు మార్చి నెలలో నెగ్గింది. మదనమోహన మాలవీయ, జిన్నా, మజరుల్ హక్ కౌన్సిల్‌కు రాజీనామా చేశారు. నెల తిరగకముందే ఏప్రిల్ 13న జలియన్‌వాలాబాగ్ దురంతం జరిగింది. అమృత్‌సర్‌లో సభలను నిషేధిస్తూ డయ్యర్ జారీచేసిన ఉత్తర్వు అక్కడికి వచ్చినవారిలో చాలామందికి తెలియనే తెలియదు. ప్రభుత్వ లెక్క ప్రకారమే 379 మంది చనిపోయారు. ఇంత అపకీర్తి మూటగట్టుకున్న రౌలట్ చట్టానికి కూడా ఒక గడువుంది: యుద్ధం ముగిశాక మూడేళ్లు.

రాజ్యాంగ సభ సభ్యుల్లో ఎందరో ఇలాంటి చట్టాల కింద జైలుకు వెళ్లొచ్చినవారే. ఒక చేత్తో ఇచ్చిన హక్కులను మినహాయింపుల పేరుతో మరో చేత్తో లాక్కుంటున్నారన్న విమర్శ అక్కడ గట్టిగా వినిపించింది. ప్రాథమిక హక్కుల ముసాయిదా పోలీసు కానిస్టేబుల్ దృష్టితో రాసినట్టుందని 1947లోనే సోమనాథ్ లాహిరి ఎత్తిపొడిచారు. 1948 డిసెంబరులో ఠాకూర్‌దాస్ భార్గవ తెచ్చిన సవరణ వల్ల పరిమితులకు ముందు ‘సహేతుకమైన’ అనే విశేషణం చేరింది. చూడ్డానికి చిన్న మార్పే గానీ, ప్రభుత్వం పెట్టిన ఆంక్ష న్యాయంగా ఉందా లేదా అని కోర్టులు అడగగలుగుతున్నది దాని బలంతోనే.

రాజ్యాంగం అమల్లోకి వచ్చి నెల రోజులైనా కాకముందే, 1950 ఫిబ్రవరి 25న, సర్దార్ పటేల్ ముందస్తు నిర్బంధ బిల్లును పార్లమెంటులో పెట్టారు. అది ఆ ఒక్కరోజులోనే ఆమోదం పొందింది. ఇష్టంతో తెచ్చింది కాదని పటేలే సభకు చెప్పుకున్నారు. చట్టానికి ఏడాదే ఆయుష్షు. దాన్ని మళ్లీమళ్లీ పొడిగిస్తూ 1969 చివరిదాకా నడిపారు గానీ, పొడిగించాల్సి వచ్చిన ప్రతిసారీ హోంమంత్రి సభకు వచ్చి కారణం చెప్పాల్సి వచ్చింది, ప్రతిపక్షం నిలదీసింది.

1985లో వచ్చిన టాడాకూ గడువుంది. ఖలిస్తాన్ ఉగ్రవాదాన్ని అణచడానికని తెచ్చిన ఆ చట్టాన్ని పంజాబ్‌తో సంబంధం లేని రాష్ట్రాల్లో రైతుల మీద, కార్మిక సంఘాల మీద కూడా వాడారన్న ఆరోపణలు పెరిగాయి. 1995లో పి.వి. నరసింహారావు ప్రభుత్వం దాన్ని పొడిగించకుండా వదిలేయడంతో ఆ మే నెలలో అది కాలం చేసింది. 2002లో పోటా వంతు వచ్చింది. రాజ్యసభ తిరస్కరించిన ఆ బిల్లును వాజ్‌పేయి ప్రభుత్వం మార్చి 26న ఉభయ సభల సంయుక్త సమావేశంలో 425–296 ఓట్లతో గెలిపించుకుంది. పోటాకు మూడేళ్ల గడువు పెట్టారు. అదీ పూర్తికాకుండానే 2004లో యూపీఏ ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది.

అసలు మలుపు ఆ రద్దులోనే ఉంది. పోటాను ఎత్తేసిన చేత్తోనే దానిలోని ఉగ్రవాద నిబంధనలను చాలావరకు ‘ఉపా’లోకి మార్చారు. చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టమైన ఉపా 1967 డిసెంబరు నాటిది. దేశ సమగ్రత పేరిట వాక్, సభా, సంఘ స్వేచ్ఛలకు పరిమితి పెట్టవచ్చని 1963లో పదహారో సవరణ చెప్పింది. ఆ సవరణకు కొనసాగింపుగా వచ్చిన చట్టం ఇది. అంటే సభలూ సమావేశాలూ మొదటినుంచీ దాని చూపులోనే ఉన్నాయి. దానికి గడువు మాత్రం లేదు. ముంబయి దాడుల తర్వాత 2008 డిసెంబరులో రెండే రోజుల్లో రెండు సభలూ దాన్ని మరింత కఠినం చేశాయి. ఛార్జిషీటు వేయడానికి 180 రోజుల దాకా వ్యవధి ఇవ్వచ్చు. ఆరోపణ పైకి నిజమనిపిస్తే చాలు, బెయిల్ ఇవ్వకూడదు. 2019లో సంస్థలనే కాక వ్యక్తులను కూడా ఉగ్రవాదులుగా ప్రకటించే అధికారం కేంద్రానికి దక్కింది. లోక్‌సభలో ఆ బిల్లుకు వ్యతిరేకంగా పడినవి ఎనిమిది ఓట్లు.

ఇవి రోడ్డెక్కే నిరసనకారులకు ఎలా తగులుతాయో 2021లో తేలింది. ఢిల్లీ అల్లర్ల కేసులో ఉపా కింద అరెస్టయిన ముగ్గురు విద్యార్థులకు బెయిల్ ఇస్తూ, నిరసన హక్కుకూ ఉగ్రవాద చర్యకూ మధ్య గీత చెరిగిపోతోందని హైకోర్టు అంది. సుప్రీంకోర్టు ఆ బెయిల్‌ను రద్దు చేయలేదు గానీ, తీర్పును ఇతర కేసుల్లో ప్రమాణంగా వాడొద్దంది.

పెద్ద చట్టాల సంగతి ఇది. మామూలు ధర్నాను ఆపడానికి అంత దూరం పోనక్కర్లేదు, 144 సెక్షన్ ఉత్తర్వు చాలు. ఇప్పుడది భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 163. పార్లమెంటులో దీని మీద చర్చ అరుదు కాబట్టి హద్దులు కోర్టులే చెబుతూ వచ్చాయి. బహిరంగ స్థలాల్లో సభలను నియంత్రించవచ్చు గానీ పూర్తిగా నిషేధించరాదని 1972లో హిమ్మత్‌లాల్ షా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. న్యాయమైన నిరసనను అణచడానికి 144ను వాడరాదని 2020 జనవరిలో చెప్పింది. అదే ఏడాది అక్టోబరులో, షాహీన్‌బాగ్ కేసులో, నిరసన పేరిట రోడ్లను నిరవధికంగా ఆక్రమించడమూ కుదరదంది.

తెలుగు రాష్ట్రాలకు ఇది కొత్తేమీ కాదు. హైదరాబాద్ ఇందిరా పార్కు దగ్గరి ధర్నా చౌక్‌ను 2017లో ఎత్తేస్తే గొడవ హైకోర్టుకెక్కింది. కందుకూరు, గుంటూరు తొక్కిసలాటల్లో 11 మంది చనిపోయాక ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2023 జనవరిలో రోడ్ల మీద సభలను కట్టడి చేస్తూ జీవో నంబర్ 1 ఇచ్చింది. కారణం కాదనలేనిదే, ఆంక్ష మాత్రం అతి. మే నెలలో హైకోర్టు ఆ జీవోను కొట్టేసింది.

2023 డిసెంబరులో పార్లమెంటు కొత్త నేర చట్టాలను ఆమోదించి, ఉగ్రవాద నేరాన్ని భారతీయ న్యాయ సంహితలోనూ చేర్చింది. పార్లమెంటులో భద్రతా వైఫల్యంపై ప్రకటన కోరి ఆందోళన చేసినందుకు ఆ సమావేశాల్లో 146 మంది ప్రతిపక్ష ఎంపీలు సస్పెండయ్యారు. వారిలో అత్యధికులు లేకుండానే ఓటింగు ముగిసింది. సంహితలో చేరిన ఆ ఉగ్రవాద నిబంధనకూ గడువు లేదు. 1950లో పటేల్ బిల్లుకున్న ఏడాది గడువు లాంటిది వీటికీ పెట్టాలి. చట్టం కొనసాగాలంటే, దాని కింద ఎందరిని జైల్లో పెట్టారో, ఎందరిపై నేరం రుజువైందో ప్రభుత్వం ముందు సభకు చెప్పి తీరాలి.