హెచ్‌-1బి లాటరీలో పేరు రాకపోతే ఏం చేయాలి?
పిల్లలకూ, తల్లిదండ్రులకూ కొన్ని దారులు, కొన్ని లెక్కలు

మన ట్రస్టు సహాయంతో చదివి పై చదువులకు అమెరికా వెళ్ళిన పిల్లల తల్లిదండ్రులు మార్చి నెలాఖరు వచ్చేసరికి నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే. "లాటరీలో మావాడి పేరు రాలేదండీ, ఇప్పుడేం చేయాలి?" నేను వీసా వకీలును కాను. బి.కాం. చదివి, బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరైన వాణ్ణి. విద్యారుణాల కాగితాలు చాలా చూశాను. అందుచేత ఈ వ్యాసంలో వీసా దారులతో పాటు అప్పు లెక్క కూడా రాస్తున్నాను. వీసా రావడం అదృష్టం మీద ఆధారపడి ఉంది. అప్పు తీర్చవలసి రావడం మాత్రం ఖాయం.

1. లాటరీ లెక్క

హెచ్‌-1బి వీసాలు సంవత్సరానికి 65,000. అమెరికాలో మాస్టర్స్ చదివిన వారికి అదనంగా 20,000. 2025 మార్చి లాటరీలో అర్హత గల నమోదులు 3,43,981 కాగా, ఎంపికైనవి 1,20,141. అంటే నూటికి 35. అదే లెక్కన మూడు సంవత్సరాలు వరుసగా ప్రయత్నించినా, మూడుసార్లూ పేరు రానివారు నూటికి 27 మంది ఉంటారు. ఇది పిల్లవాడి తెలివికి సంబంధించిన విషయం కాదు, ఉత్త లెక్క.

2025 డిసెంబరులో ప్రకటించిన నిబంధన ప్రకారం 2026 నుంచి జీతాలను నాలుగు స్థాయిలుగా విభజించారు. పై స్థాయి జీతం గలవారికి లాటరీలో నాలుగు చీట్లు, అడుగు స్థాయి వారికి ఒక్క చీటీ. అప్పుడే చదువు ముగించిన పిల్లలు ఎక్కువగా ఉండేది అడుగు స్థాయిలోనే. కనుక పేరు రాకపోవడాన్ని అవమానంగా భావించకుండా, ముందునుంచే ఊహించి ఉండాలి.

2. అమెరికాలోనే ఉన్న దారులు

ఓ.పి.టి.: చదువు ముగిశాక 12 నెలలు ఉద్యోగం చేసుకోవచ్చు. విజ్ఞానశాస్త్రం, సాంకేతికం, ఇంజనీరింగ్, గణితం చదివినవారికి మరో 24 నెలలు పొడిగింపు దొరుకుతుంది. పొడిగింపు కావాలంటే కంపెనీ ఈ-వెరిఫై పద్ధతిలో చేరి ఉండాలి. మొదటి 12 నెలల్లో ఉద్యోగం లేని రోజులు 90 దాటకూడదు. పొడిగింపుతో కలిపితే 150. ఈ రోజుల లెక్కను పిల్లలు డైరీలో రాసుకోవాలి. గడువు ముగిశాక దేశం వదలడానికో, వేరే హోదాకు మారడానికో 60 రోజులు ఉంటాయి.

విశ్వవిద్యాలయాలు: విశ్వవిద్యాలయాలు, వాటికి అనుబంధంగా ఉన్న లాభాపేక్ష లేని సంస్థలు, లాభాపేక్ష లేని పరిశోధనా సంస్థలు, ప్రభుత్వ పరిశోధనా సంస్థలు లాటరీ లేకుండానే, సంవత్సరంలో ఎప్పుడైనా హెచ్‌-1బి పెట్టవచ్చు. జీతం కొంత తక్కువ. తర్వాత ప్రైవేటు కంపెనీకి మారాలంటే మళ్ళీ లాటరీయే. అయినా చాలామంది దీన్ని అసలు వెతకరు.

ఎల్‌-1: ఒక కంపెనీకి చెందిన విదేశీ శాఖలో, గడిచిన మూడేళ్ళలో ఏకధాటిగా ఒక సంవత్సరం పనిచేసినవారిని ఆ కంపెనీయే అమెరికాకు బదిలీ చేయవచ్చు. మేనేజరు హోదాకు గరిష్ఠంగా ఏడేళ్ళు, ప్రత్యేక పరిజ్ఞానం గలవారికి ఐదేళ్ళు. కాబట్టి పేరు రాని పిల్లవాడు ముందుగా కంపెనీని అడగవలసిన మాట, "చెన్నై, హైదరాబాదు, కెనడా శాఖల్లో నాకు చోటు ఉందా?" అని.

ఓ‌-1 వీసా అసాధారణ ప్రతిభ గలవారికి. పరిశోధనా పత్రాలు, బహుమతులు వంటి రుజువులు కావాలి. ఇక ఈ‌-2 పెట్టుబడి వీసా ఇప్పిస్తామని ఎవరైనా చెబితే నమ్మకండి. దానికి అమెరికాతో ఒప్పందం ఉన్న దేశపు పౌరులే అర్హులు, భారతదేశానికి ఆ ఒప్పందం లేదు.

మరొక్క విషయం. 2025 సెప్టెంబరు 21 నుంచి ఏడాది కాలానికి, అమెరికా బయట ఉన్నవారి కోసం కొత్తగా పెట్టే హెచ్‌-1బి దరఖాస్తుపై కంపెనీ లక్ష డాలర్లు కట్టాలని అమెరికా అధ్యక్షుడు ఉత్తర్వు ఇచ్చారు. ఇంటికి తిరిగివచ్చి మళ్ళీ ప్రయత్నిద్దామనుకునే వారు, టిక్కెట్టు కొనేముందు ఆ ఉత్తర్వు ఏ స్థితిలో ఉందో విచారించుకోవాలి.

3. ఇతర దేశాలు

కెనడాలో 2015 నుంచి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ అనే మార్కుల పద్ధతి ఉంది. 20 నుంచి 29 ఏళ్ళ వయసువారికి వయసు మార్కులు పూర్తిగా వస్తాయి, ముప్పయ్యి నుంచి తగ్గుతూ పోతాయి. కనుక మూడో లాటరీ దాకా ఆగకుండా మొదటిసారి పేరు రానప్పుడే ఇంగ్లీషు పరీక్ష రాసి ఉంచుకోవడం మంచిది.

జర్మనీ 2024 జూన్ 1 నుంచి అవకాశ కార్డు ఇస్తోంది. గుర్తింపు పొందిన డిగ్రీ లేదా వృత్తి శిక్షణ, కొంత జర్మన్ లేదా మంచి ఇంగ్లీషు, ఏడాది ఖర్చుకు సరిపడా సొమ్ము చూపి, కావలసిన మార్కులు తెచ్చుకుంటే అక్కడికి వెళ్ళి ఒక సంవత్సరం ఉద్యోగం వెతుక్కోవచ్చు. ఉద్యోగం ముందే దొరికితే నేరుగా బ్లూ కార్డు. భారతీయ నిపుణులకు ఇచ్చే వీసాలను 20,000 నుంచి 90,000కు పెంచుతామని ఆ దేశం 2024 అక్టోబరులో ప్రకటించింది.

బ్రిటన్ 2023లోనూ, ఆస్ట్రేలియా 2024 డిసెంబరులోనూ భారతీయ యువ పట్టభద్రుల కోసం రెండేళ్ళ పథకాలు ప్రారంభించాయి. ఒక్కొక్కటి ఏడాదికి 3,000 మందికి. వీటిలో కూడా ఎంపిక లాటరీ ద్వారానే.

4. తొక్కకూడని దారి

పేరు రాని పిల్లల ఆత్రుతను సొమ్ము చేసుకునేవారు ఎప్పుడూ ఉంటారు. కాలిఫోర్నియాలో ట్రై-వ్యాలీ విశ్వవిద్యాలయంపై 2011 జనవరిలో దాడి జరిగినప్పుడు అక్కడ చేరిన 1,500 మందికి పైగా విద్యార్థుల్లో ఎక్కువమంది అప్పటి ఆంధ్రప్రదేశ్ పిల్లలే. కొందరి కాళ్ళకు రేడియో పట్టీలు కట్టారు. 2019 జనవరిలో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం బయటపడింది. దాన్ని అమెరికా ప్రభుత్వమే ఎర కోసం పెట్టింది. తరగతుల్లేవు, గురువుల్లేరు. ఉద్యోగ అనుమతి నిలుపుకోవడానికి సుమారు 600 మంది చేరారు. వారిలో తెలుగువారు చాలామంది. చేరిన మొదటి రోజునుంచే ఉద్యోగం చేసుకోవచ్చని చెప్పే కళాశాల, లేని అనుభవం రాసిపెట్టే కన్సల్టెన్సీ, ఈ రెంటికీ దూరంగా ఉండండి. పేరు రాకపోతే ఒక సంవత్సరం పోతుంది. దొంగ కాగితం పట్టుబడితే ఆ దేశపు తలుపే మూసుకుపోతుంది.

5. అప్పు లెక్క

మన నాగలాపురం, విలాత్తికుళం వైపు ఉన్నవి వానను నమ్ముకున్న నల్లరేగడి భూములు. 2002 నాటి సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు గనుక బ్యాంకులు ఆ భూమిని విద్యారుణానికి తాకట్టుగా తీసుకోవడానికి వెనకాడతాయి. ఏడున్నర లక్షలు దాటిన రుణానికి సాధారణంగా తాకట్టు అడుగుతారు. దాంతో కోవిల్‌పట్టిలోనో, విరుదునగర్‌లోనో ఉన్న ఇంటి పత్రాలు, ఒక్కోసారి మేనమామ ఇంటి పత్రాలు కూడా బ్యాంకుకు పోతాయి. లాటరీలో ఓడేది పిల్లవాడైనా, దాని బరువు మోసేది ఆ ఇళ్ళే.

30 లక్షల రుణం, 10 శాతం వడ్డీ, మొత్తం మొదటి రోజే తీసుకున్నారనుకుందాం. చదువు రెండేళ్ళు, ఆపై సాధారణంగా ఇచ్చే ఒక ఏడాది గడువు కలిపి మూడేళ్ళు వడ్డీ కట్టకపోతే, బారు వడ్డీ లెక్కనే 9 లక్షలు చేరి 39 లక్షలవుతుంది. పదిహేనేళ్ళ కాలానికి నెల వాయిదా సుమారు 41,900 రూపాయలు. అదే వడ్డీని నెలనెలా 25,000 కడుతూ వస్తే అసలు 30 లక్షలే మిగులుతుంది, వాయిదా సుమారు 32,200. ఈ వాయిదా డాలర్లలో చూస్తే చిన్నది. చెన్నై జీతంలో చూస్తే సగమో, ఆపైనో. కనుక నా సలహా ఇది: రుణం ఎంత తీసుకోవాలో అమెరికా జీతం చూసి నిర్ణయించకండి. మన దేశపు జీతంతో తీర్చగలిగినంతే తీసుకోండి.

ఉద్యోగం ఆలస్యమైతే వాయిదా తప్పకముందే బ్యాంకుకు వెళ్ళి గడువు అడగండి. 90 రోజులు బకాయి పడితే రుణం మొండి బాకీ అవుతుంది. సహ రుణగ్రహీతలైన తల్లిదండ్రుల పరపతి కూడా దెబ్బతింటుంది.

6. తిరిగి రావడం కూడా దారే

2024 నాటికి మన దేశంలో విదేశీ కంపెనీల సొంత కేంద్రాలు 1,700 దాటాయి. వాటిలో పనిచేసేవారు సుమారు 19 లక్షలు. చెన్నై, హైదరాబాదు వాటికి ముఖ్య స్థానాలు. మన జిల్లా కేంద్రమైన తూత్తుకుడిలో కూడా 2024 డిసెంబరులో నియో టైడల్ పార్కు ప్రారంభమైంది. ఎల్‌-1కు కావలసిన ఏడాది అనుభవం ఇలాంటి సొంత కేంద్రంలోనే దొరకవచ్చు. మన పెద్దలు ఉత్తరం నుంచి బయలుదేరి వచ్చి ఈ నల్లరేగడిలో స్థిరపడ్డవారు. ఒక చోట కుదరకపోతే మరో చోట బతుకు కట్టుకోవడం మన ఇళ్ళకు కొత్త కాదు.

ఈ సంవత్సరం విదేశీ చదువుకు బయలుదేరే పిల్లలు ఒక కాగితం మీద మూడు అంకెలు వేసుకోవాలి: అప్పు మొత్తం, మన దేశంలో రాగల జీతం, నెల వాయిదా. మూడో అంకె రెండో అంకెలో మూడో వంతుకు మించకపోతే ధైర్యంగా వెళ్ళిరండి. మించితే ముందు కళాశాలనో, దేశాన్నో మార్చి చూడండి. ఆ కాగితం తల్లిదండ్రులకు చూపించి, వారితో కలిసి కూర్చుని మాట్లాడిన తర్వాతే రుణ పత్రాల మీద సంతకం చేయండి.