మెత్తని పైపులోని నూనె

చీనీ చెట్లకు ట్యాంకరు నీళ్లు పెట్టే మెత్తని పీవీసీ పైపు బరువులో నాలుగో వంతు, ఒక్కోసారి మూడో వంతు, ఒక చిక్కటి నూనెది. దానికి రంగు లేదు, వాసనా దాదాపు లేదు. ఈ పనికి ప్రపంచమంతా దశాబ్దాల పాటు ఎక్కువగా వాడిన నూనెను వ్యాపారులు డీఓపీ అంటారు. రసాయన శాస్త్రజ్ఞులు పిలిచే పేరు డీఈహెచ్‌పీ. ఈ నూనె కలపకపోతే పీవీసీ బోరు కేసింగు పైపులా బిరుసుగా ఉంటుంది. చుట్ట చుట్టడానికి వీలుకాదు.

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన కురిసే అనంతపురంలో సేద్యమంటే నీటిని ఒకచోటి నుంచి మరోచోటికి చేర్చే పనే. కరువు ఏళ్లలో చీనీ తోటలను ట్యాంకర్లతో బతికించుకున్న రైతులు ఇక్కడ ఎందరో. వానలు తగ్గేకొద్దీ పొలంలో ప్లాస్టిక్కు పెరిగింది. అందుకే ఈ నూనె చరిత్ర ఈ జిల్లా తెలుసుకోదగ్గది.

పీవీసీ పొడి పంతొమ్మిదో శతాబ్దంలోనే ప్రయోగశాలల్లో తయారైంది గానీ దానితో ఏం చేయాలో ఎవరికీ తోచలేదు. 1926లో అమెరికాలోని ఆక్రన్ నగరంలో, గుడ్రిచ్ రబ్బరు కంపెనీలో పనిచేస్తున్న వాల్డో సెమన్ రబ్బరును లోహానికి అతికించే జిగురు కోసం వెతుకుతున్నాడు. ఆ వెతుకులాటలో పీవీసీని, వేడికి తొందరగా ఆవిరి కాని ఒక ద్రావకంలో వేసి మరిగించాడు. చల్లారాక చూస్తే జిగురు రాలేదు. సాగే, వంగే కొత్త పదార్థం చేతికొచ్చింది. 1930ల నుంచి అలాంటి ద్రావకాల స్థానంలోకి థాలేట్లు అనే నూనెలు వచ్చాయి. చౌకగా దొరికే డీఓపీ వాటిలో రాజైంది. కరెంటు తీగల తొడుగు, రెక్సిన్, వానకోటు, చెప్పులు, పిల్లల బొమ్మలు, సెలైన్ గొట్టాలు అన్నీ దాని మీదే నడిచాయి.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఈ నూనె పీవీసీతో రసాయనికంగా ముడిపడదు. పొడవాటి ప్లాస్టిక్ గొలుసుల మధ్య చేరి, వాటిని ఒకదానితో ఒకటి బిగుసుకోనివ్వకుండా ఆపుతుంది, అంతే. చెరువు మట్టిలో తడి ఉన్నంతసేపూ మెత్తగా ఉండి, తడి ఆరగానే మట్టి పగుళ్లిచ్చినట్టే పైపూ. రెండు మూడు వేసవులు ఎండలో పడి ఉన్న పైపు బిరుసెక్కి చిట్లుతుందంటే, దానికి ఎండలోని అతినీల కిరణాలు ఒక కారణం, నూనె మెల్లగా వెళ్లిపోవడం మరో కారణం. వేడి దాన్ని తొందరగా బయటికి పంపుతుంది. నూనె, కొవ్వు అయితే లాగేసుకుంటాయి. నీళ్లలో మాత్రం అది కరగడం చాలా తక్కువ.

కాబట్టి పొలంలో కనబడే ప్రతి నల్ల ప్లాస్టిక్కునూ అనుమానించనక్కర లేదు. 2003లో రాష్ట్రంలో సూక్ష్మసేద్య పథకం మొదలైనప్పటి నుంచీ తోటల్లో పరిచిన డ్రిప్పు లేటరళ్లు, మల్చింగు షీట్లు పాలిథీన్‌తో చేసినవి. పాలిథీన్ పుట్టుకతోనే మెత్తన, దానికి ఈ నూనె అవసరం లేదు. ఇక్కడి భూగర్భజలానికి అసలు గండం ఫ్లోరైడు. ట్యాంకరు పైపు గురించి భయపడి ఆ సంగతి మరచిపోతే నష్టం మనకే. నా భయం వేరే చోట ఉంది. గానుగ దగ్గర డ్రమ్ములోంచి వేరుశనగ నూనె దించడానికి మామూలు మెత్తని గొట్టం వాడితే, నూనెతో పాటు డీఓపీ కూడా దిగుతుంది. పాలు పితికే యంత్రాల గొట్టాల నుంచి అది పాలలోకి చేరడం యూరప్‌లో ఏనాడో గమనించారు.

ఇదే గుణం ఒకచోట ప్రాణదానమైంది. గాజు సీసాల స్థానంలో రక్తం సంచులు వచ్చాక, వాటిలోంచి ఊరిన డీఈహెచ్‌పీ ఎర్ర రక్తకణాల పొరలో చేరి, అవి పగలకుండా కాపాడుతుందని తేలింది. తగిన ద్రావణం కలిపితే కణాలు 42 రోజులు నిలవ ఉండటంలో దాని పాలూ ఉంది. నిలవ చేసిన రక్తంలో ఈ నూనె ఉందని 1970లో జాన్స్ హాప్కిన్స్‌లో రూబిన్, యేగర్ బయటపెట్టారు. అంటే రక్తం ఎక్కించుకున్న ప్రతి ఒక్కరి ఒంట్లోకీ అది వెళ్తోందన్నమాట.

ఒంట్లో చేరిన దానిలో ఎక్కువ భాగం ఒకటి రెండు రోజుల్లో మూత్రంలో పోతుంది. కానీ రోజూ చేరుతూనే ఉంటే పోయిందన్న ఊరట ఏముంది? చూలు ఎలుకలకు ఎక్కువ మోతాదులో ఇస్తే కడుపులోని మగపిల్లల టెస్టోస్టిరాన్ తగ్గి, జననాంగాలు సరిగా ఏర్పడలేదు. గర్భిణుల మూత్రంలో దీని ఆనవాళ్లకూ పుట్టిన మగశిశువుల్లో అలాంటి చిన్న తేడాలకూ సంబంధం ఉందని 2015లో అమెరికా పరిశోధకులు ప్రకటించారు. అంతకు ముందే, 2002లో, అప్పుడే పుట్టిన మగశిశువుల వైద్యంలో వీలైనంత వరకు ఈ నూనె లేని పరికరాలు వాడమని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ సూచించింది. క్యాన్సర్ కారకం కావచ్చన్న జాబితాలోనూ దీని పేరుంది. తాగునీటిలో లీటరుకు 8 మైక్రోగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మన దేశంలో 2021 జనవరి నుంచి బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి అయింది. జాతరలో కొన్న మెత్తని బొమ్మ చంటిపిల్ల నోట్లోకి పోయే ముందు ఆ గుర్తు ఉందో లేదో చూడాలి.

మట్టిలో పడితే, గాలి తగిలే చోట సూక్ష్మజీవులు దీన్ని వారాల నుంచి నెలల్లో తినేస్తాయి. చెరువు అడుగున, గాలి ఆడని బురదలో అయితే చాలాకాలం ఉండిపోతుంది. కాలిన మోటరు కేబులును రాగి కోసం తగలబెట్టడం అన్నిటికన్నా చెడ్డ పని. నూనె పొగై పోవడం ఒకటి. పీవీసీలోని క్లోరిన్ రాగి సమక్షంలో డయాక్సిన్లుగా మారడం అంతకన్నా ప్రమాదం. తొడుగును కత్తితో ఒలిచి రాగి తీసుకోవచ్చు, కాస్త ఓపిక పట్టాలంతే.

డీఓపీ పుట్టకముందు, నైట్రోసెల్యులోజు పూసిన నకిలీ తోలును మెత్తబరిచింది ఆముదం. వేరుశనగ చేలో సాళ్లుగా అనంతపురం రైతు వేసుకునే ఆముదమే. డెన్మార్కు కంపెనీ ఒకటి ఆ నూనె నుంచే పీవీసీని మెత్తబరిచే కొత్త పదార్థాన్ని తయారుచేసింది, ధర మాత్రం ఎక్కువ. రక్తం సంచుల విషయంలో డీఈహెచ్‌పీకి సాటివచ్చేది కుదురుకోవడానికి ఇంకా సమయం కావాలని యూరప్ వైద్య పరికరాల్లో దాన్ని వాడేందుకు ఇచ్చిన గడువును 2030 జూలై దాకా పొడిగించింది.